తెలుగు మాట్లాడే పిల్లల చేతికి కథల పుస్తకం: ఒడిశా సరిహద్దు ఇళ్ల కోసం మూడు నెలల పద్ధతి

"మా పాప ఒడియాలో బాగా చదువుతుందండీ, ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది. కథల పుస్తకం ఇస్తే మాత్రం ముట్టదు." బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం, ఏ ఊళ్లో తెలుగింటికి వెళ్లినా నాకు ఎదురయ్యే మాట ఇదే. వెంటనే మూడు ప్రశ్నలు వస్తాయి. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏం కొనాలి? రోజూ ఎంతసేపు?

నేను చెప్పేది సరదాగా చదువుకోవడం గురించి. మార్కులకీ దీనికీ సంబంధం లేదు. నాలుగేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఈ పద్ధతి సరిపోతుంది. మా ఇద్దరు పిల్లలతోనూ, సాయంత్రం మా అరుగు మీదకు చేరే వీధి పిల్లలతోనూ చేసి చూశాను.

వరుస మాత్రం మార్చకండి. కథ ముందు చెవికి అందాలి, తర్వాత అక్షరం కంటికి, ఆ తర్వాత పుస్తకం పిల్ల చేతికి. మన ఇళ్లలో ఎక్కువగా పని చెడేది ఇక్కడే. కథ రుచి తెలియకముందే పలక ఇచ్చి అ, ఆలు దిద్దిస్తాం.

1. ముందు పిల్ల ఎక్కడుందో చూసుకోండి

మన వైపు పిల్లలు దాదాపు ఈ నాలుగు రకాల్లో ఒకటిగా ఉంటారు.

- ఇంకా ఏ లిపీ రాని చిన్నవాళ్లు
- ఒడియా బాగా చదివేవాళ్లు. తెలుగు మాట్లాడతారు గానీ అక్షరం తెలియదు
- ఇంగ్లీషు మీడియం పిల్లలు. తెలుగు, ఒడియా రెండూ నోటి మాటగానే వచ్చు
- తెలుగు అక్షరాలు వచ్చినా కూడబలుక్కుంటూ చదివి, సగం పేజీకే అలిసిపోయేవాళ్లు

మొదటి రకం పిల్లలకు మీరు చదివి వినిపించడమే చాలు, కొన్ని నెలల పాటు ఇంకేమీ అక్కర్లేదు. నాలుగో రకం పిల్లలకు అక్షరాలు మళ్లీ నేర్పకండి. వాళ్లకు కావాల్సింది తేలిక పుస్తకాలు.

రెండో రకం ఇంట్లో ఒక మాట గుర్తుంచుకోవాలి. ఒడియా కథ ఇష్టంగా చదివే పిల్లకు చదివే అలవాటు వచ్చేసినట్టే. ఆ పుస్తకం పక్కన పెట్టించి తెలుగు పుస్తకం చేతికివ్వడం పెద్ద పొరపాటు. ఒడియా కథ చదువుతుంటే చదవనివ్వండి, పక్కన కూర్చుని "ఏమైంది?" అని కుతూహలంగా అడగండి. తెలుగులోకి దారి అక్కడి నుంచే పడుతుంది.

పుస్తకం పిల్ల స్థాయికి తగిందో లేదో చూసుకోవడానికి చేతివేళ్లు చాలు. మధ్యలో ఏదో ఒక పేజీ తీసి చదవమనండి. తెలియని పదం వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవండి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పటికి బరువు, మీరు చదివి వినిపించండి. ఒకటీ రెండూ ముడుచుకుంటే పిల్ల సొంతంగా చదువుకోగలదు.

2. ఇంటిని సిద్ధం చేయడం

ప్రత్యేకంగా గది అక్కర్లేదు. ఒక చాప, ఒక వెదురు బుట్ట, మంచి వెలుతురు ఉంటే చాలు.

బుట్ట ఎందుకంటే, బీరువాలో వరుసగా పేర్చిన పుస్తకాల అంచులు మాత్రమే కనిపిస్తాయి, అవి పిల్లల్ని పిలవవు. బుట్టలో అట్ట ముందుకు కనిపించేలా పెట్టండి. ఒకేసారి పది, పన్నెండు పుస్తకాలకు మించి వద్దు. ప్రతి ఆదివారం మూడు తీసి దాచి, దాచినవాటిలోంచి మూడు బయట పెట్టండి. రెండు నెలల తర్వాత తిరిగొచ్చిన పుస్తకాన్ని పిల్లలు కొత్తదానిలా పట్టుకుంటారు.

బుట్టలో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు కలిపే ఉంచండి. భాషకో బుట్ట పెడితే తెలుగు బుట్ట పిల్ల కళ్లకు ట్యూషన్‌లా కనిపిస్తుంది.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి:

- రాత్రి భోజనానికీ నిద్రకీ మధ్య పదిహేను నిమిషాలు ఖాళీ ఉందా?
- ఆ సమయంలో టీవీ ఆపడానికి ఇంట్లో పెద్దలందరూ ఒప్పుకున్నారా?
- మీ ఫోన్ వేరే గదిలో ఉందా? (పిల్ల ఫోన్ ఒక్కటే దాస్తే ఉపయోగం లేదు)
- కరెంటు పోతే వాడడానికి ఛార్జింగ్ లైటు ఉందా?
- బుట్ట పిల్ల ఎత్తుకు అందుతోందా?

ఫోన్ సంగతి కాస్త గట్టిగానే చెప్తాను. మీరు ఫోన్ చూసుకుంటూ "వెళ్లి చదువుకో" అంటే ఆ మాట పిల్ల చెవికెక్కదు. ఆ పదిహేను నిమిషాలూ మీ చేతిలో కూడా ఏదో ఒక పుస్తకమో పత్రికో ఉండాలి.

3. పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి, ఎలా ఎంచుకోవాలి

మన ఊళ్ల పుస్తకాల దుకాణాల్లో తెలుగు పిల్లల పుస్తకాలు అరుదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పెళ్లికో పండక్కో వెళ్లినప్పుడు కొనుక్కోవడమే మనకున్న పాత దారి. అలా వెళ్లే ముందే జాబితా రాసుకోండి. షాపులో నిలబడి ఆలోచిస్తే మళ్లీ లెక్కల గైడే చేతికొస్తుంది.

సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ పిల్లల కోసమే తెలుగు పుస్తకాలు వేస్తోంది. నేషనల్ బుక్ ట్రస్ట్‌కు తెలుగులో పిల్లల పుస్తకాలున్నాయి. తూలిక అనే ప్రచురణ సంస్థ వాళ్లు కొన్ని పుస్తకాలను ఒకే పేజీలో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉండేలా వేశారు. ఇంగ్లీషు మీడియం పిల్లలకు అవి బాగా పనికొస్తాయి.

డబ్బు పెట్టకుండా కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ ఉంది. అందులో తెలుగు కథలూ ఒడియా కథలూ ఉచితంగా చదువుకోవచ్చు, దించుకుని ముద్రించుకోవచ్చు. కథల్ని నాలుగు స్థాయిలుగా విడగొట్టారు. మన పిల్లలకు దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. చాలా కథలు ఒకే బొమ్మలతో రెండు భాషల్లోనూ దొరుకుతాయి. ముందు ఒడియాలో చదివిన కథనే తెలుగులో చూస్తే పిల్లకు భయం ఉండదు, తర్వాత ఏమవుతుందో ముందే తెలుసు కాబట్టి.

మీ నాన్నగారి పెట్టెలో పాత చందమామలు ఉంటే దులిపి బయటికి తీయండి. అదే పత్రిక ఒడియాలో జహ్నమాము పేరుతో వచ్చేది. పక్కింటి ఒడియా తాతగారి దగ్గర అవి ఉన్నా ఉండొచ్చు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు ఇవ్వండి. అక్షరం చిన్నది, పేజీ నిండా ఉంటుంది, చిన్నవాళ్లకు కష్టం.

జెరాక్స్ షాపులో పుస్తకం చేయించుకోవడం ఇలా:

1. మొదటి స్థాయి కథ ఒకటి దించుకోండి. వీటిలో ఒక్కో పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి.
2. అడ్డంగా ఉండే పేజీలైతే ఏ4 కాగితం మీద పైన ఒకటి, కింద ఒకటి వచ్చేలా, ఒకవైపే ప్రింట్ చేయమనండి. రెండువైపులా వేస్తే పల్చటి కాగితంలో వెనక బొమ్మ ఇటు కనిపించి చిన్నపిల్లలు తికమకపడతారు.
3. కత్తిరించే ముందే ప్రతి పేజీ మూలన పెన్సిల్‌తో అంకె వేయండి. నేను మొదటిసారి వేయకుండా కత్తిరించి, కథ వరుస కుదుర్చుకోవడానికి గంట కూర్చున్నాను.
4. మధ్యకు కత్తిరించి, వరుస పెట్టి, ఎడమ అంచున మూడు పిన్నులు కొట్టండి. పిన్నుల మీద సెల్లోటేపు అంటిస్తే చేతికి గుచ్చుకోవు.
5. అట్ట కోసం పాత క్యాలెండర్ కాగితం వాడండి. పుస్తకం పేరు పిల్ల చేత రాయించండి, ఏ లిపిలో రాసినా సరే.

రంగుల ప్రింటు ఖర్చనిపిస్తే నలుపు తెలుపులో తీసుకుని రంగులు పిల్లనే వేయమనండి. మా పాప మొదట చదివిన తెలుగు పుస్తకం అలాంటిదే. అందులో ఏనుగుకు ఆకుపచ్చ రంగేసింది. ఇప్పుడు మూడో క్లాసుకొచ్చినా ఆ పుస్తకం ఎవరికీ ఇవ్వనివ్వదు.

కొనకూడనివి కూడా చెప్పాలి. ఏడాది పొడుగునా రోజుకో కథ అంటూ వచ్చే లావుపాటి పుస్తకాలు, ప్రతి కథ చివరా నీతి అచ్చువేసినవి, ఒక్క బొమ్మా లేనివి మొదటి మూడు నెలలూ వద్దు.

4. మొదటి రెండు వారాలు: వినిపించడమే

ఈ రెండు వారాలూ పిల్ల చేత ఒక్క అక్షరం కూడా చదివించకండి. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, పది నుంచి పదిహేను నిమిషాలు చదివి వినిపించండి.

1. పేజీ పిల్లకు కనిపించేలా పక్కనే కూర్చోండి. ఎదురుగా కూర్చుంటే బడిలా ఉంటుంది.
2. అట్ట చూపించి "ఇందులో ఏం జరుగుతుందనుకుంటున్నావు?" అని ఒక్క ప్రశ్న వేయండి. జవాబు సరైనదా కాదా చెప్పకండి.
3. మీరు మామూలుగా మాట్లాడే వేగం కన్నా నెమ్మదిగా చదవండి. వేలు అక్షరాల కింద మెల్లగా కదలాలి.
4. పాత్రకో గొంతు పెట్టండి. బాగా రాకపోయినా పర్వాలేదు.
5. బాగా పట్టుగా ఉన్న చోట ఒక క్షణం ఆగండి.
6. కథ అయ్యాక పుస్తకం మూసేయండి. ఏమీ అడగకండి.

మావాడు మొదటి మూడు రోజులూ పుస్తకం వైపు కన్నెత్తి చూడలేదు. నేను చదువుతుంటే మంచం మీద దొర్లాడు, దిండు ఎగరేశాడు. నేను చదవడం ఆపలేదు. నాలుగో రోజు పిల్లి గోడ మీద నుంచి వంగి చూసే చోట మంచినీళ్లు తాగడానికి ఆగాను. "దూకిందా?" అని లేచి కూర్చున్నాడు. మర్నాడు అన్నం తింటూనే "గొపొ ఎప్పుడు?" అని అడిగాడు. కథను వాడు ఒడియాలో గొపొ అనే అంటాడు. నేను దిద్దలేదు. వాడికి కావాల్సింది దొరికింది, దాని పేరు తర్వాత నేర్చుకుంటాడు.

పుస్తకంలో భాష ఇంట్లో మాటలా లేకపోతే మీ యాసలోకి మార్చి చదవండి. పుస్తకంలో "వచ్చేశాడు" అని ఉంటే మనం "వచ్చీసేడు" అంటాం, అలాగే అనండి. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పాటుపడింది మన పర్లాకిమిడి నుంచే. మన యాసలో కథ చదివితే తప్పేమీ లేదు. పిల్ల సొంతంగా చదివే నాటికి పుస్తకంలో మాట దానంతట అదే అలవాటవుతుంది.

*మీకు తెలుగు చదవడం రాకపోతే*

ఇది అడగడానికి చాలామంది మొహమాటపడతారు. మన జిల్లాల్లో చక్కగా తెలుగు మాట్లాడుతూ ఒడియా ఒక్కటే చదవగలిగే అమ్మానాన్నలు ఇంటింటా ఉన్నారు. సిగ్గుపడాల్సిన పని లేదు, ఇలా చేయండి.

- బొమ్మలు చూపిస్తూ కథ సొంతంగా చెప్పండి. పుస్తకంలో ఉన్న కథే చెప్పాలని లేదు.
- ఇచ్ఛాపురంలోనో పలాసలోనో ఉన్న అమ్మమ్మ చేత, పిన్ని చేత ఆ కథ చదివించి వాయిస్ మెసేజ్ తెప్పించుకోండి. అది వినిపిస్తూ పేజీలు తిప్పండి. పేజీ అయినప్పుడల్లా "ఊఁ, తిప్పు" అనమని ముందే చెప్పండి.
- ఒడియా పుస్తకం మీరు ఒడియాలో చదివి, పేజీ పేజీకీ తెలుగులో మాట్లాడుకోండి.
- ఐదో విభాగంలోని పద్ధతిలో పిల్లతోపాటు మీరూ నేర్చుకోండి. మా వీధిలో ఒకావిడ కొడుకుతో కలిసి అలాగే నేర్చుకున్నారు. అమ్మకి కూడా తడబాటు వస్తుందని చూశాక ఆ పిల్లాడి భయం పోయింది.

5. మూడో వారం నుంచి: ఒడియా అక్షరం మీదుగా తెలుగు అక్షరానికి

ఈ రెండు వారాల్లో పిల్ల మళ్లీ మళ్లీ అడిగిన పుస్తకం ఒకటి తప్పకుండా ఉంటుంది. దాన్నే వాచకం చేయండి. కథ కంఠతా వచ్చి ఉంటుంది కాబట్టి అక్షరం చూడగానే మాట అందుతుంది.

ఒడియా వచ్చిన పిల్లకు మీరు చెప్పాల్సిన మొదటి మాట: "నీకు సగం వచ్చేసింది." నిజంగానే వచ్చింది. క, ఖ, గ, ఘ వరుస రెండు భాషల్లోనూ ఒక్కటే. గుణింతం పద్ధతి ఒక్కటే. ఒడియాలో ఫళా అన్నట్టే మనకు వత్తులున్నాయి. మారేది ముఖ్యంగా ఆకారమే.

1. మొదటి రోజు పిల్ల పేరు తెలుగులో రాసి బుట్టకు అంటించండి.
2. రెండో రోజు నుంచి కథలో తరచూ వచ్చే పదాలు రోజుకు రెండు తీసుకోండి. వత్తులు లేనివి ముందు: కాకి, మేక, వల, పడవ, గూడు.
3. ఆ పదం పేజీలో ఎక్కడెక్కడుందో వెతికే ఆట ఆడండి.
4. పదిహేను పదాలు కంటికి పట్టాక వత్తులున్నవి తీసుకోండి: అమ్మ, పిల్లి, చెట్టు, అన్నం.
5. వారానికోసారి తెలిసిన పదాలతోనే చీటీలు రాసి దారిలో పరవండి. "కాకి మేక మీద వాలింది" లాంటి వాక్యం చాలు.
6. రాయించకండి. రాత తర్వాత. రెండూ ఒకేసారి మొదలుపెడితే చేతి నొప్పి మీద కోపం పుస్తకం మీదకు మళ్లుతుంది.

ఒడియా బడి పిల్లలు తెలుగు చదివేటప్పుడు తడబడే చోట్లు దాదాపు అందరిలోనూ ఇవే.

*అకారం ఒకారంగా రావడం.* ఒడియాలో క అని రాసింది కొ అన్నట్టు పలుకుతారు. బ, వ తేడా కూడా పలుకులో అంతగా ఉండదు. అందుకే మా పాప "పడవ" అని ఉన్నచోట "పొడొబొ" అని చదివింది. నవ్వకండి, తప్పనకండి. పక్కన ఉన్న బొమ్మ చూపించి "దీన్ని మనం ఇంట్లో ఏమంటాం?" అని అడగండి. "పడవ" అంటుంది. "మరి చూడు, అదే రాశారు" అనండి. ఒకే రోజు ఇలా పదిసార్లు చేయాల్సి రావచ్చు.

*పొట్టి, పొడుగు అచ్చులు.* ఒడియాలో ఎ, ఏలకు ఒకే అక్షరం, ఒ, ఓలకు ఒకే అక్షరం. ఇ, ఈలకు, ఉ, ఊలకు వేర్వేరు అక్షరాలున్నా పలుకులో తేడా చాలా తక్కువ. మెడ - మేడ, ఒడి - ఓడి, కొన - కోన లాంటి జంటలు చీటీల మీద రాసి, బొమ్మ వేసో సైగ చేసో ఆడించండి. మెడ అంటే పిల్ల తన మెడ పట్టుకోవాలి, మేడ అంటే పైకి చూపించాలి.

*సున్న.* ఒడియా అలవాటుతో సున్నను ఎక్కడైనా ముక్కుతో "ఙ్" అన్నట్టు పలుకుతారు. తెలుగులో పక్క అక్షరాన్ని బట్టి మారుతుంది: పంపులో మకారం, పండులో ణకారం. సూత్రం చెప్పొద్దు. "ఇంట్లో ఎలా అంటాం?" అన్న ప్రశ్నే ఇక్కడా పనిచేస్తుంది.

ఈ మూడింటికీ మందు ఒక్కటేనని మీరు గమనించే ఉంటారు. పిల్ల నోటికి మాట సరిగ్గానే వచ్చు, కంటికే కొత్త. నోటిని సాక్షిగా పిలవండి.

మన పిల్లలకు ఒక మేలు కూడా ఉంది. ళ, ణ రెండూ ఒడియాలో ఉన్నాయి కాబట్టి వాటిని స్పష్టంగా పలుకుతారు. అది వాళ్లకు చెప్పి మెచ్చుకోండి.

ఇంగ్లీషు మీడియం పిల్లల ఇబ్బంది వేరు. మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించే అలవాటు ఉంటుంది. పదాన్ని కాగితంతో కప్పి, ఒక్కో అక్షరం బయటపెడుతూ పలికించండి. తెలుగులో అక్షరం ఎలా ఉంటే అలాగే చదువుతామని తెలియగానే వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు.

6. రెండో నెల: పుస్తకం మెల్లగా వాళ్ల చేతికి

ఇక్కడ తొందరపడకండి. మెట్లు నాలుగు, ఒక్కో మెట్టు మీద కనీసం వారం ఉండండి.

1. *వెంట చదవడం:* మీరు ఒక వాక్యం చదవండి, అదే వాక్యం పిల్ల చదువుతుంది.
2. *పాత్రలు పంచుకోవడం:* పిల్లి మాటలు పిల్లవి, మిగతాదంతా మీది.
3. *పేజీ నీది, పేజీ నాది:* పిల్ల అలిసిపోతే తన పేజీ మీకిచ్చే హక్కు తనకుంది.
4. *సగంలో ఆపడం:* మంచి పట్టులో ఉండగా "పొయ్యి మీద పాలున్నాయి, ఇప్పుడే వస్తా" అని లేవండి. పుస్తకం తెరిచే ఉంచండి. వెంటనే తిరిగి రాకండి.

నాలుగో మెట్టు పనిచేసిన రోజు మీకే తెలుస్తుంది. తిరిగొచ్చేసరికి పేజీ మారి ఉంటుంది.

సొంతంగా చదవడం వచ్చాక కూడా మీరు చదివి వినిపించడం మానకండి. చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది: "నీకు వచ్చేసిందిగా, నువ్వే చదువుకో." పిల్లకు అది శిక్షలా ఉంటుంది. చదవడం నేర్చుకున్నందుకు అమ్మ పక్కన కూర్చోవడం మానేసిందనుకుంటుంది. పదేళ్ల పిల్లలు కూడా వినడానికి ఇష్టపడతారు. వాళ్లు సొంతంగా చదవలేని పెద్ద కథలు వినిపించండి.

చదివిన పుస్తకమే ఇరవైసార్లు చదివితే చదవనివ్వండి. బొమ్మల కథలు, క్రికెట్ వార్తలు, పొడుపు కథలు, వంటల పుస్తకం, ఏది పట్టుకున్నా చదువే. నచ్చని పుస్తకం సగంలో వదిలేసే హక్కు కూడా ఇవ్వండి.

7. మామూలుగా జరిగే తప్పులు, వాటికి సర్దుబాట్లు

నీతి అడగడం. "ఈ కథ వల్ల మనం ఏం నేర్చుకున్నాం?" అన్న ఒక్క ప్రశ్నతో కథ పాఠమైపోతుంది. అడగాలనిపిస్తే "నీకు ఎవరు నచ్చారు?" అనండి, ముందు మీకు ఎవరు నచ్చారో చెప్పండి.

ప్రతి పదం దిద్దడం. అర్థం మారకపోతే వదిలేయండి. "ఇల్లు" బదులు "ఇంటి" అని చదివితే కొంప మునగదు. అర్థం మారితే వాక్యం పూర్తయ్యాక "ఆ వాక్యం మళ్లీ వినాలనుంది" అనండి. ఆగిపోతే ఐదు లెక్కపెట్టి మీరే పదం అందించండి.

డబ్బు ఆశ పెట్టడం. ఇది నేను చేసిన తప్పు. వేసవి సెలవుల్లో పుస్తకానికి పది రూపాయలన్నాను. మా పాప మూడు రోజుల్లో ఏడు పుస్తకాలు "చదివింది". నాలుగో రోజు ఒక కథ గురించి మాట కలిపితే ఖాళీ మొహం పెట్టింది. వట్టి పేజీలే తిప్పింది. డబ్బు మానేశాక నెల రోజులు పుస్తకం ముట్టలేదు. మళ్లీ నాలుగో విభాగం దగ్గర్నుంచి, వినిపించడం నుంచి మొదలుపెట్టాల్సొచ్చింది. బహుమతి ఇవ్వాలంటే ఇంకో పుస్తకం ఇవ్వండి, లేదా రాత్రి ఇంకో పది నిమిషాలు లైటు వేసి ఉంచండి.

తెలుగే చదవాలని పట్టుబట్టడం. బడి, స్నేహితులు, ఆటలు అన్నీ ఒడియాలో ఉన్న పిల్లకు తెలుగు బెత్తంలా తగలకూడదు. బుట్టలోంచి ఏ భాష పుస్తకం తీసినా మీ మొహం ఒకేలా ఉండాలి. మీరు వినిపించేది మాత్రం తెలుగులో ఉంచండి.

బంధువుల ముందు చదివించడం. ఆంధ్రా నుంచి మావయ్యగారో బావగారో వచ్చినప్పుడు "చదివి చూపించు" అనకండి. ఒక్క తడబాటుకు ఎవరైనా నవ్వితే మూడు నెలల కష్టం పోతుంది. "మన తెలుగు వేరుగా ఉంటుంది" అన్న బెరుకు మన పిల్లల్లో ముందే ఉంటుంది.

పుస్తకాన్ని శిక్షగా వాడడం. అల్లరి చేస్తే "పో, పుస్తకం తీసి కూర్చో" అనడం, మంచిగా ఉంటే టీవీ పెట్టడం. ఏది తీపో ఏది చేదో పిల్లకు మీరే నేర్పినట్టవుతుంది.

రెండు రోజులు తప్పాయని వదిలేయడం. జ్వరాలొస్తాయి, చుట్టాలొస్తారు, పరీక్షలొస్తాయి. పరీక్షల నెలలో ఐదు నిమిషాలకు తగ్గించండి, మానకండి. తప్పిన రోజులకు బదులు తీర్చే లెక్క పెట్టకండి.

8. ప్రయాణాన్ని వాడుకోండి

బరంపురం నుంచి విశాఖ వైపు రైల్లో వెళ్లేటప్పుడు ఒక ఆట ఉంది. ఇచ్ఛాపురం వచ్చేసరికి స్టేషన్ బోర్డు మీద తెలుగు కనిపిస్తుంది. ముందు ఎవరు చూస్తే వాళ్లకు కిటికీ సీటు. ఇచ్ఛాపురంలో చకారం కింద వత్తు కాస్త కష్టం, అది మీరు చదివి చూపించండి. ఆ తర్వాత వచ్చే సోంపేట, బారువ, పలాస పిల్లలు చదవగలరు. బారువలో వ ఉంది, గమనించారా? "బారుబొ" అంటే కాసేపు ఆగి, "తాతయ్య ఆ ఊరిని ఏమంటారు?" అని అడగండి.

బస్సులో వెళ్తే ఊరి బోర్డులు, దుకాణాల పేర్లు ఉన్నాయి. ఇంట్లో ఉప్పు పాకెట్, శుభలేఖ, క్యాలెండర్ ఉన్నాయి.

9. నలుగురు కలిస్తే

ఒక్కో ఇంట్లో పది పుస్తకాలే ఉన్నా ఐదు ఇళ్లు కలిస్తే యాభై. ఒక అట్టపెట్టె, ఒక నోటుబుక్కు చాలు. ఆదివారం సాయంత్రం గంటసేపు మార్చుకోండి. నోటుబుక్కులో రాసే బాధ్యత పిల్లలకే ఇవ్వండి. చిరిగితే జరిమానా వద్దు, అందరూ కూర్చుని అతికించండి. ఒడియా ఇళ్ల పిల్లల్నీ పిలవండి, వాళ్ల పుస్తకాలతో వస్తారు.

10. వారాల వారీ చెక్‌లిస్ట్

*1, 2 వారాలు*
- రోజూ ఒకే వేళకు వినిపించాను
- కథ అయ్యాక ప్రశ్నలు వేయలేదు, చదివించలేదు
- మళ్లీ మళ్లీ అడిగిన పుస్తకం పేరు రాసుకున్నాను

*3 నుంచి 5 వారాలు*
- పిల్ల పేరు బుట్ట మీద ఉంది
- పదిహేను పదాలు కంటికి పట్టాయి
- రాత జోలికి వెళ్లలేదు

*6 నుంచి 9 వారాలు*
- నాలుగు మెట్లలో ఏ మెట్టు మీదున్నామో తెలుసు
- వారానికి మూడు పుస్తకాలు మారుస్తున్నాను
- నేను వినిపించడం మానలేదు

*10 నుంచి 12 వారాలు*
- నేను చెప్పకుండానే వారంలో ఒక్కసారైనా పుస్తకం తీసింది
- తనకు నచ్చని పుస్తకం పేరు చెప్పగలుగుతోంది
- ఇంకొకరికి కథ చెప్పింది (తమ్ముడికి, బొమ్మకు, ఎవరికైనా సరే)

చివరి వారాల్లో ఒక్కదానికే టిక్కు పడినా దారి సరైనదే. ఇంకో నెల కొనసాగించండి.

11. మూడు నెలలైనా కదలిక లేకపోతే

ముందు కళ్లు చూపించండి. పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకోవడం, కళ్లు నులుముకోవడం, కాసేపటికే తలనొప్పి అనడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. చెవి నొప్పి, చీము తరచూ వచ్చే పిల్లలకు వినికిడి కూడా పరీక్ష చేయించాలి.

కళ్లూ చెవులూ బాగున్నా, ఎనిమిదేళ్లొచ్చినా, ఒడియా, ఇంగ్లీషు, తెలుగు ఏ లిపిలోనైనా అక్షరాలు తారుమారవుతుంటే, తెలిసిన పదమే ప్రతిసారీ కొత్తగా కనిపిస్తుంటే బడి టీచరుతోనూ పిల్లల డాక్టరుతోనూ మాట్లాడండి. డిస్లెక్సియా (అక్షరాలు, పదాలు గుర్తుపట్టి చదవడంలో ఉండే ఇబ్బంది) అయితే అది బద్ధకమూ కాదు, తెలివితక్కువతనమూ కాదు. అలాంటి పిల్లలకు చదవడం నేర్పే పద్ధతులు వేరే ఉన్నాయి. ఈలోగా అక్షరాల పని పక్కన పెట్టి, రాత్రి కథ వినిపించడం మాత్రం ఒక్క రోజు కూడా ఆపకండి.